మా ఇంటి కప్పు మీద మిర్చి పంట

"ఇవాళెంతట?" అని వంటింట్లోంచి అడిగాను.

"నూట పది" అన్నారు మావారు కంప్యూటర్ ముందునుంచి లేవకుండానే. అంతకు ముందు చూసినప్పుడు నూట ముప్ఫై.

ఆయన చెప్పింది బంగారం ధర కాదు, షేర్ల ధర కూడా కాదు. మా ఇంటి కప్పు మీద కాసిన ఎండ ధర. 2012లో సంగతి ఇది. పొయ్యి మీద పప్పు పొంగుతున్నా పట్టించుకోకుండా అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే ఏడాదిన్నర కిందట అదే సరుకు 600 డాలర్ల పైన పలికింది. ఆ ధర చూసుకునే అప్పు చేశాం. అప్పు చేద్దామన్నది ఆయన కాదు, నేను!

ఎండకు ధరేమిటి, ఈవిడకేమైనా మతిపోయిందా అనుకుంటున్నారా? మా అత్తగారు కూడా అలాగే అన్నారు. కొంచెం మొదట్నుంచీ చెబితేగానీ అర్థం కాదు.

ఇంటికొచ్చిన కుర్రాడు

మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి రెండెకరాల సొంత చేను, ఇంకో మూడెకరాల కౌలు. అంతా మిర్చే. పెళ్లయ్యాక నేను అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రానికొచ్చాను. ఎడిసన్ పక్కన చిన్న ఇల్లు కొనుక్కున్నాం. చుట్టుపక్కల ఎంతమంది తెలుగువాళ్లంటే, పండగనాడు గుమ్మానికి మామిడాకులు కట్టిన ఇళ్లు లెక్కపెట్టుకుంటూ నడవొచ్చు.

2011 వసంతంలో ఒక శనివారం మధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. టై కట్టుకున్న కుర్రాడు. "మీ ఇంటి కప్పు దక్షిణం వైపు చూస్తోంది. మీరు చాలా అదృష్టవంతులు" అన్నాడు. వాస్తు చెప్పడానికొచ్చాడేమో అనుకున్నాను. కాదు, సోలార్ పలకలు అమ్మే కంపెనీ మనిషి.

కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పాడు. సరే, అది అందరూ చెప్పేదే. రెండో మాట దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మీ పలకల మీద 1000 యూనిట్లు తయారైనప్పుడల్లా మీకొక సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని కరెంటు కంపెనీలు కొనుక్కుంటాయి. ఇవాళ్టి ధర 600 పైనే" అన్నాడు.

ఎవరైనా ఊరికే ఎందుకు కొంటారు? అదే అడిగాను. "కొనక తప్పదండీ, చట్టం ఉంది" అన్నాడు.

ఆ రాత్రి మావారు నిద్రపోయాక కూర్చుని ఆ చట్టం గురించి దొరికినంతా చదివాను. నిజమే. 1999లో న్యూజెర్సీ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఈ రాష్ట్రంలో కరెంటు అమ్మే ప్రతి కంపెనీ, తను అమ్మేదాంట్లో ఇంత వంతు ఎండ, గాలిలాంటి తరగని వనరులనుంచి వచ్చిందే అయి ఉండాలి. ఏటా ఆ వంతు పెరుగుతూ పోవాలి. కొన్నేళ్ల తర్వాత అందులో సూర్యుడికంటూ ప్రత్యేకంగా ఒక వాటా పెట్టారు.

మన దగ్గర రైస్ మిల్లులకు లెవీ ఉండేది, గుర్తుందా? ఆడించిన బియ్యంలో ఇంత వంతు ప్రభుత్వానికి ఇవ్వాల్సిందే అనేవారు. ఇది దానికి అన్నదమ్ముడులాంటిది. అక్కడ మిల్లువాడు ఇంత అమ్మి తీరాలి, ఇక్కడ కరెంటు కంపెనీ ఇంత కొని తీరాలి. అంతే తేడా.

అయితే తీగలో వచ్చే కరెంటుకు రంగూ రుచీ ఉండవు కదా. ఇది బొగ్గుది, ఇది ఎండది అని ఎలా తెలుస్తుంది? అందుకే ఈ సర్టిఫికెట్. మా కప్పు మీద మీటరు వెయ్యి యూనిట్లు తిరిగితే ఒక రిజిస్టరులో మా పేరున ఒకటి పుడుతుంది. కంపెనీలు వాటిని కొని, ఏడాది చివర ప్రభుత్వానికి లెక్క చూపించాలి. తక్కువైతే ఒక్కో సర్టిఫికెట్‌కీ జరిమానా. ఆ రోజుల్లో ఆ జరిమానా 650 డాలర్ల పైనే. రాష్ట్రంలో పలకలు తక్కువగా ఉన్నన్నాళ్లూ సర్టిఫికెట్ ధర ఆ జరిమానాకు కాస్త కిందనే ఊగుతూ ఉండేది. ధర అంత ఎక్కువ ఉండటానికి కారణం అదన్నమాట.

పాలపుస్తకంలో లెక్క

నాకు లెక్కలంటే ఇష్టం. అమ్మ పాలవాడి లెక్క రాసుకున్నట్టు నేనూ ఒక నోటుపుస్తకం పెట్టాను. 7 కిలోవాట్ల పలకలు. ఖరీదు 38,000 డాలర్లు. కేంద్ర ప్రభుత్వం పన్నులో 30 శాతం వెనక్కిస్తుంది. అది పోగా మాకు పడేది 26,600. ఏడాదికి రమారమి 8 సర్టిఫికెట్లు. ఒక్కొక్కటి 600 అనుకుంటే 4,800. ఇంటి మీద 20,000 అప్పు తీసుకుంటే నెలకు 320 కట్టాలి, అంటే ఏడాదికి 3,840. ఎండే అప్పు తీర్చేస్తుంది, ఇంకా మనకే కొంత మిగులుతుంది! పైగా కరెంటు బిల్లు ఆదా!

"ఆ ధర అలాగే ఉంటుందని ఏమిటి నమ్మకం?" అన్నారు మావారు.

"చట్టం ఉందండీ" అన్నాను, ఆ టై కుర్రాడి లాగే.

అప్పు పోగా మిగిలిన 6,600 ఎక్కడిదో కూడా చెప్పాలి. అది నా చదువు కోసం దాచుకున్న డబ్బు. ఆసుపత్రి బిల్లింగు కోర్సు ఒకటి చేసి ఉద్యోగంలో చేరాలని నాలుగేళ్లు పోగుచేశాను. "ఏడాది ఆలస్యమైతే ఏం, వచ్చే ఏడాది సర్టిఫికెట్ల డబ్బుతో చేరతాను" అనుకున్నాను. మావారు వద్దన్నా వినలేదు. మొండితనంలో నేను మా నాన్న కూతుర్నే.

అమ్మేటప్పుడు కొనేవాడు

ఆగస్టులో పలకలు ఎక్కాయి. మీటరు తిరుగుతుంటే పిల్లలతో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. మొదటి సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి ధర మేం లెక్కవేసుకున్న దాంట్లో సగం కూడా లేదు. సర్దుకుంటుందిలే అనుకున్నాం. 2012 వచ్చింది. ఇంకా పడింది. ఆ ఏడాది 110, 120ల్లో ఆడింది. ఎనిమిదింటికి ఏడాదికి 880 డాలర్లు. అప్పు వాయిదాలు 3,840. మిగతా 2,960 ఎక్కడినుంచి తేవాలి?

ఆ ఏడాది అత్తగారు మా దగ్గరే ఉన్నారు. పెద్దావిడ, చెడ్డ మనిషి కాదు. కానీ ఆ మాట అననే అన్నారు: "ఎండకు డబ్బులిస్తారని ఎవరో చెబితే నమ్మేశావా అమ్మాయ్?" మావారు ఏమీ అనలేదు. ఆయన ఏదైనా అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు నోరు జారి చెప్పేశాను. ఆయనకు సర్టిఫికెట్టూ తెలీదు, జరిమానా తెలీదు. అంతా విని ఒక్కటే అడిగారు.

"అందరూ వేశారామ్మా?"

"అందరూ వేశారు నాన్నా."

"మరింకేం."

నాకు నోట మాట రాలేదు. ఆ 'మరింకేం' ఎక్కడిదో నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఒక ఏడాది మిర్చికి మంచి ధర వచ్చింది. మరుసటేడు పత్తి వేసేవాడూ, పొగాకు వేసేవాడూ, ఊరూరా అందరూ మిర్చి వేశారు. గుంటూరు యార్డుకు నాన్నగారు టిక్కీలు తీసుకెళ్లి, రెండు రోజులు అక్కడే పడుకుని, చివరికి వచ్చిన కాడికి ఇచ్చేసి వచ్చారు. ఆ రాత్రి అన్నం తినలేదు. అది చూసి పెరిగినదాన్ని, అదే తప్పు అమెరికాలో కప్పు మీద చేశాను!

జరిగింది కూడా అచ్చం అదే. చట్టం ప్రకారం 2012 మే నెలతో ముగిసే ఏడాదికి కంపెనీలు కొనాల్సింది 44 కోట్ల 20 లక్షల యూనిట్ల సౌర విద్యుత్తు. అంతవరకే వాళ్లకు అవసరం. 600 డాలర్ల ధర చూసి ఇళ్లవాళ్లు, గోడౌన్లవాళ్లు, బళ్లు, పొలాలు, అందరూ పలకలు వేసేశారు. అవసరానికి మించి సర్టిఫికెట్లు పుట్టాయి. కంపెనీలు "మాకు చాలు" అన్నాయి. చట్టం ఎంత కొనాలో చెప్పిందిగానీ, ఎంతకు కొనాలో చెప్పలేదు. ఆ రెంటికీ తేడా ఆ టై కుర్రాడు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

నేను ఇంటి దగ్గర్లోని ఒక డే కేర్‌లో పని వెతుక్కున్నాను. ఉదయం ఏడింటినుంచి రెండింటిదాకా పసిపిల్లలకు డైపర్లు మార్చడం, పాలు పట్టడం, నిద్రపుచ్చడం. జీతం గంటకు ఇంతని. వాయిదాల్లో తక్కువైంది అందులోంచే కట్టాను. కోర్సు మాట అటకెక్కింది.

సుడిగాలి రాత్రి

అదే ఏడాది అక్టోబరు 29 రాత్రి శాండీ తుఫాను వచ్చింది. ఆ గాలి హోరు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మాకు ఆరు రోజులు కరెంటు లేదు. తెల్లారి తుఫాను వెలిసి బ్రహ్మాండమైన ఎండ కాసింది. ఎదురింటావిడ వచ్చి, "మీకేం, కప్పు మీదే కరెంటు ఉందిగా, నా ఫోన్ కాస్త చార్జింగు పెట్టుకోనా?" అంది.

ఏం చెప్పను? మాకూ కరెంటు లేదు! ఊరి లైను పోతే మా పలకలు కూడా వాటంతటవే ఆగిపోతాయి. లేకపోతే మా కరెంటు లైన్లోకి ఎదురెక్కి, స్తంభం మీద మరమ్మతు చేసే మనిషికి షాకు కొడుతుందట. బ్యాటరీ ఉంటేనే ఇంటి మట్టుకు వాడుకోవచ్చు. మాకు బ్యాటరీ లేదు. మన ఊళ్లో ఇన్వర్టరు పెట్టుకునేవాళ్లకు ఈ సంగతి చెబితే నవ్వుతారు. సోలార్ పలకలు వేసుకునేవాళ్లు ముందే అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి. నేను అడగని ప్రశ్నల జాబితా అప్పటికే పెద్దది.

కోల్డ్ స్టోరేజీ

నాన్నగారు ఇంకో మాట అన్నారు. "మీ దగ్గర కోల్డ్ స్టోరేజీ లేదా అమ్మా?" గుంటూరులో అంతేగా. నిలవ పెట్టుకోగలిగినవాడు ధర వచ్చేదాకా ఆగుతాడు, అప్పులవాడు అయినకాడికి అమ్ముతాడు.

ఉంది! అది కూడా చట్టమే ఇచ్చింది. ధర పడిపోయిన సంగతి మా ఒక్కరిదే కాదు, రాష్ట్రమంతా గొల్లుమంది. నేను కూడా నా వచ్చీరాని ఇంగ్లీషులో మా ప్రాంతపు అసెంబ్లీ సభ్యుడికి ఉత్తరం రాశాను. అచ్చు కొట్టిన జవాబొకటి వచ్చింది. నా ఉత్తరం వల్లేనని కాదుగానీ, 2012 జులై 23న అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. ఆయన రిపబ్లికన్, సభలో డెమొక్రాట్లది మెజారిటీ. అయినా ఇద్దరూ కలిసే చేశారు. 2014నుంచి కంపెనీలు కొనాల్సిన సౌర వాటాను ఒక్కసారిగా పెంచి, అమ్మకాల్లో 2 శాతం పైకి తెచ్చారు. బదులుగా కంపెనీల జరిమానాను బాగా తగ్గించారు. అంటే ధర మళ్లీ 600 ఎప్పటికీ చూడదు, అలాగని నేలమీదా పడి ఉండదు.

నాకు పనికొచ్చింది మూడో అంశం. అప్పటినుంచి పుట్టిన సర్టిఫికెట్‌ను 5 సంవత్సరాలు చెల్లేట్టు చేశారు. అంటే అమ్మకుండా దాచుకోవచ్చు. నా కోల్డ్ స్టోరేజీ అదే.

డే కేర్ జీతం ఉంది కాబట్టి అప్పు వాయిదాలు దాంతో నెట్టుకొచ్చాను. సర్టిఫికెట్లు మరీ అవసరమైనప్పుడు తప్ప అమ్మలేదు. పదకొండు దాచాను. మావారు "ఇవాళ ఇంత" అని చెప్పడం మానేశారు, నేనూ అడగడం మానేశాను. 2015లో ధర 200 దాటాక ఒక రోజు పదకొండూ కలిపి అమ్మేశాను. పెద్ద మొత్తమేమీ కాదు, రెండు వేల పైచిలుకు. అయినా ఆ సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డులో మా అందరికీ దోసెలు పెట్టించాను. 2016లో ఆ డబ్బుతోనే కోర్సులో చేరాను, అనుకున్నదానికి ఐదేళ్లు ఆలస్యంగా. 2017లో అప్పు తీరింది. ఇప్పుడు ఒక డాక్టరుగారి ఆఫీసులో బిల్లింగు చూస్తున్నాను.

తర్వాత వచ్చినవాళ్లకు మా తిప్పలు లేవు. 2018లో తర్వాతి గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకంతో వచ్చిన చట్టం, 2030కల్లా 50 శాతం కరెంటు తరగని వనరులనుంచే ఉండాలంది. పాత సర్టిఫికెట్ల పద్ధతిలోకి 2020 ఏప్రిల్ తర్వాత కొత్తవాళ్లను తీసుకోలేదు. 2021నుంచి ఇళ్లవాళ్లకు వెయ్యి యూనిట్లకు 90 డాలర్లని ముందే ధర కట్టి, 15 ఏళ్లు అదే ఇస్తామన్నారు. తర్వాత చేరినవాళ్లకు అది కొంచెం తగ్గింది. అదన్నమాట, పంటకు మద్దతు ధరలాగా. ఎక్కువ రాదు, కానీ రాత్రి నిద్ర పడుతుంది.

ఊరికో తీరు

దేశంలో దాదాపు 30 రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు వచ్చాయి. అన్నిటికంటే ముందు చేసింది 1983లో అయోవా అనే వ్యవసాయ రాష్ట్రం. రెండు కరెంటు కంపెనీలను కలిపి 105 మెగావాట్లు కొనమంది, అంతే. ఇప్పుడు ఆ రాష్ట్రపు కరెంటులో సగానికి పైగా గాలిదే. మొక్కజొన్న చేల మధ్య మరలు తిరుగుతుంటాయి, రైతుకు కౌలు వస్తుంది.

మా ఆడపడుచు ఉండేది టెక్సాస్‌లో. పెట్రోలు బావుల రాష్ట్రం అది. అక్కడ 1999లో ఈ చట్టం మీద సంతకం పెట్టింది ఎవరనుకున్నారు? తర్వాత దేశాధ్యక్షుడైన జార్జి డబ్ల్యూ. బుష్! 2009కల్లా 2,000 మెగావాట్లు అన్నారు. చాలా ముందే దాటేశారు. 2025కని పెట్టుకున్న 10,000 మెగావాట్ల లక్ష్యాన్ని కూడా పదిహేనేళ్లు ముందే చేరారు. ఇక చాలనుకున్నారేమో, 2023లో ఆ నిబంధనను తీసేయడానికి చట్టం చేశారు. మరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. అవి ఇప్పుడు చట్టం కోసం కాదు, లాభం కోసం తిరుగుతున్నాయి.

ఒహాయోది మాత్రం సిగ్గుపడాల్సిన కథ. 2019లో అక్కడి సభ ఈ వాటాను 12.5 శాతంనుంచి 8.5కి కోసేసి, అదే చట్టంలో రెండు అణు విద్యుత్ కేంద్రాలకు జనం బిల్లుల్లోంచి డబ్బు కట్టబెట్టింది. వెనక 6 కోట్ల డాలర్ల లంచాల బాగోతం నడిచిందని తేలి, అప్పటి స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్‌కు 2023లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. కరెంటు బిల్లులో ఒక చిన్న గీత వెనక ఎన్ని ఉంటాయో చూశారా?

పిన్నిగారి బిల్లు

ఆ చిన్న గీత గురించే నన్ను ఒకావిడ నిలదీసింది. గుడిలో పరిచయం. నేను పిన్నిగారూ అంటాను. భర్త పోయారు, అద్దె ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటారు, మితంగా బతుకుతారు. 2025 జూన్‌లో న్యూజెర్సీలో కరెంటు బిల్లులు 17నుంచి 20 శాతం దాకా పెరిగాయి. పిన్నిగారు బిల్లు పట్టుకుని మా ఇంటికొచ్చారు.

"ఏమ్మా, మీ కప్పు మీద పలకలకు డబ్బు ఎవరిస్తారు?"

"కరెంటు కంపెనీలు కొంటాయి పిన్నిగారూ."

"వాళ్లకెవరిస్తారు?"

చూడండి, పద్నాలుగేళ్లుగా నేను నన్ను అడుక్కోని ప్రశ్న అది. వాళ్లకు ఇచ్చేది పిన్నిగారే. సర్టిఫికెట్లు కొన్న ఖర్చు కంపెనీలు బిల్లులో కలిపేస్తాయి. సొంత ఇల్లు, సొంత కప్పు, అప్పు పుట్టే పరపతి ఉన్నవాళ్లం మేం పలకలు వేసుకుంటాం. కప్పు లేని ఆవిడ వాటికి తలాకొంచెం చెల్లిస్తుంది. నా 2015 దోసెల్లో పిన్నిగారి చిల్లర కూడా ఉంది.

అబద్ధమాడదలచుకోలేదు. అవునని చెప్పాను. అయితే ఆ పెరుగుదల అసలు కారణం అది కాదని కూడా చెప్పాను. 13 రాష్ట్రాలకు కరెంటు పంచే గ్రిడ్ సంస్థ ఒకటుంది. అవసరమైనప్పుడు కరెంటు ఇస్తామని ముందే మాటిచ్చే కేంద్రాలకు అది వేలంలో ధర కడుతుంది. 2024 జులైలో జరిగిన వేలంలో ఆ ధర మెగావాటుకు రోజుకి 29 డాలర్లనుంచి 270 డాలర్లకు ఎగబాకింది. డేటా సెంటర్లు కరెంటును గటగటా తాగేస్తున్నాయి, పాత కేంద్రాలు మూతపడుతున్నాయి, కొత్తవి గ్రిడ్‌కి తగిలించడానికి ఏళ్లు పడుతోంది. బిల్లు పేలింది అక్కడ. ఇక తరగని వనరుల ఖర్చు మొత్తం కరెంటు ఖర్చులో ఇంత శాతం దాటకూడదని 2018 చట్టంలోనే కట్టడి ఉంది. మొదట 9, తర్వాత 7 శాతం.

"ఏడయినా ఏడేగా" అన్నారు పిన్నిగారు. నిజమే మరి.

అప్పుడు గుర్తొచ్చింది, కప్పు లేనివాళ్లకు కూడా ఒక దారి పెట్టారు. గోడౌన్ల మీద, చెత్తకుప్పలు పూడ్చిన నేలల మీద పెద్ద పలకలు వేసి, వాటిలో వంతును అద్దె ఇళ్లవాళ్ల బిల్లులకు కలుపుతారు. కలిపిన వంతుకు ధరలో తగ్గింపు ఇస్తారు. అందులో కనీసం 51 శాతం తక్కువ, మధ్యతరగతి ఆదాయాలవాళ్లకే ఇవ్వాలి. వారం రోజులు ఫోన్లు చేసి, కాగితాలు నింపి పిన్నిగారిని ఒకదాంట్లో చేర్పించాను. ఇంగ్లీషు చదవలేని మనిషి ఒంటరిగా చేసుకోగలిగే పని కాదది. అదే నాకు బాధగా ఉంది. చట్టం పేదవాళ్ల కోసం ఒక తలుపు పెట్టింది, తలుపు మీద మాత్రం పది పేజీల దరఖాస్తు అంటించింది.

మీరు అమెరికాలో ఉండి ఇప్పుడు పలకలు వేసుకునే ఆలోచనలో ఉంటే ఒక మాట. నాకు వచ్చిన ఆ 30 శాతం కేంద్ర పన్ను తగ్గింపు ఇళ్లవాళ్లకు 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇక "పైసా కట్టక్కర్లేదు" అంటూ కంపెనీయే వేసి వెళ్లే పద్ధతి ఉంటుంది చూశారూ, అందులో కప్పు మీది, పలకలూ సర్టిఫికెట్లూ సాధారణంగా వాళ్లవి. ఒప్పందంలో 'సర్టిఫికెట్లు ఎవరివి' అన్న వాక్యం ఎక్కడుందో వేలుపెట్టి చూపించమనండి. చూపించేదాకా సంతకం పెట్టొద్దు.

మన ఇంట్లో

ఇలాంటి నిబంధన మన దేశంలోనూ ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది. 2003 విద్యుత్ చట్టంలో, 86వ సెక్షన్లో, తరగని వనరులనుంచి ఇంత శాతం కొనాలని డిస్కంలకు నిర్ణయించే అధికారం రాష్ట్ర కమిషన్లకు ఇచ్చారు. వెయ్యి యూనిట్లకొక సర్టిఫికెట్ కూడా 2010నుంచి ఉంది. ఇప్పుడు కేంద్రమే 2029-30కి 43.33 శాతం అని లక్ష్యం పెట్టింది. అయితే ఇంటి కప్పు మీద నెట్ మీటరుతో వేసుకునేవాళ్లకు సర్టిఫికెట్ రాదు. ఆ యూనిట్లు డిస్కం తన లెక్కలో చూపించుకుంటుంది. ధర పడిపోయే బెంగ ఆ రకంగా మనవాళ్లకు లేదు.

మా తమ్ముడు కిందటేడు ఊళ్లో డాబా మీద 3 కిలోవాట్లు వేయించాడు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో కేంద్రం 78,000 రూపాయలు సబ్సిడీ ఇచ్చింది. వేసేముందు ఫోన్ చేసి, "అక్కా, అన్నీ అడిగే వేయించుకుంటున్నాను" అన్నాడు. "కరెంటు పోతే పనిచేస్తుందా అని అడిగావా?" అన్నాను. అది అడగలేదట.

నాన్నగారికి వాటి మీద పెద్దగా పట్టింపు లేదు. పేచీ అంతా అమ్మతోనే. డాబా మీద దక్షిణం వైపు ఎండంతా పలకలకే పోయిందని ఆవిడ ఫిర్యాదు. మొన్న ఫోన్‌లో అరగంట అదే.

"కరెంటు సరేనే, సంక్రాంతికి వడియాలు ఎక్కడ పెట్టుకోను?"

తమ్ముడు పడమటి మూల వదిలానంటున్నాడు. ఆ మూల మామిడిచెట్టు నీడ పడుతుందని అమ్మ అంటోంది. ఇంకా తేలలేదు.